గణితము విధిగా నేర్వవలెనా?

పదవ తరగతి వరకు గణితము నెల్లరును విధిగా నేర్వవలెనా యను ప్రశ్న మన యిండ్లలో పరీక్షాఫలితములు వెలువడిన దినముననే పుట్టును. బాలుడు తప్పినచో ఉపాధ్యాయుని నిందింతురు, బాలిక తప్పినచో "ఆడుపిల్లకు లెక్క లెందుకు?" అందురు. గణితమును ఐచ్ఛికము చేయుడను వాదమును ఈ రెండవ మాటతో కలిపి పరిశీలింపవలెను.

1962లో నేర్పడిన హంసా మెహతా సంఘము స్త్రీపురుష భేదమునుబట్టి పాఠ్యక్రమమును విభజింప నక్కరలేదని చెప్పెను. 1966లో నివేదిక నిచ్చిన కొఠారీ సంఘము తొలి పదేండ్ల చదువులో గణితమును, విజ్ఞానశాస్త్రమును అందరకు నిర్బంధముగా బోధింపవలె ననెను. ఈ రెండు సూచనలను జతపరచి చదివిననే వాని బలము తెలియును. ఐచ్ఛికమనగా నిచ్ఛ యెవరిది? పదునాలుగేండ్ల పిల్లకు దక్కునది స్వల్పము. నిర్ణయము ఇంటి పెద్దలది. వారు నేడు వదలించిన గణితము రేపు ఇంజనీరింగు మొదలగు విద్యల ద్వారములను ఆమెకు మూసివేయును. కావున నీ నిర్బంధము పిల్ల తరఫున పెద్దలపై విధింపబడినదని గ్రహింపవలెను.

సాహిత్యప్రియులకు గణితముతో పనిలేదను వారికి మన వాఙ్మయమే సమాధానము. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున సంగీతము, నాటకము, పాకశాస్త్రము, వైద్యము, ఛందస్సు, వ్యాకరణము మొదలగు వానియందెల్ల గణితమునకు పని గలదని చెప్పెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. లెక్కను పద్యమున జెప్పుకొన్న జాతికి లెక్క పరాయిది కాదు.

అయినను ప్రతిపక్షమున సత్యము లేకపోలేదు. శ్రీనివాస రామానుజన్ గణితమున నద్వితీయు డయ్యు, 1907లో ఇతర విషయములలో మార్కులు చాలక ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను. అతనికి జరిగిన యన్యాయమే గణితము రాని మరియొక ప్రజ్ఞావంతునకును జరుగవచ్చును. ఒక్క విషయమున తప్పినంతనే అన్ని దారులును మూయరాదు.

2019-20 విద్యాసంవత్సరమున సి.బి.ఎస్.ఇ. వారు పదవ తరగతి గణితమునకు స్టాండర్డు, బేసిక్ అను రెండు పరీక్షలను ప్రవేశపెట్టిరి. పాఠ్యక్రమ మొక్కటే, ప్రశ్నపత్రములు రెండు. ఇది భయమును తగ్గింపవచ్చును గాని, దాని మూలమును తాకదు. సూత్రమును వల్లెవేయించి, అది యేల నిజమో చెప్పని బోధనయే యా మూలము. త్రిభుజకోణముల మొత్తము రెండు లంబకోణములని కంఠస్థము చేయించుట యొకటి. కాగితపు త్రిభుజము మూడు మూలలను చింపి, ఒక సరళరేఖపై ప్రక్కప్రక్కన జేర్చి చూపి, ఎల్లప్పుడు నిట్లే యేల యగునని పిల్లలచేత నడిగించుట వేరొకటి. రెండవదానికి కావలసినది ఒక కాగితము, కొంత యోపిక.

గణితమును నేర్చుట అందరకు విధి కావలెను. దానిని అర్థమగునట్లు నేర్పుట అంతకంటె ముందు పాఠశాలకు విధి కావలెను. తప్పిన పిల్లకు మరల వ్రాయు నవకాశ ముండవలెను. ఇంట "నీకు లెక్కలు రావు" అను మాటను మానుట మాత్రము, ఏ సంఘపు నివేదికకును వేచియుండక, నేడే మనము చేయదగిన పని.