కొలెట్ ఎంచుకోవడం వెల్డరు పనే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస మండలాల నుంచి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెల్డర్లుగా, పైప్ ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా వెళ్లడం ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ నేలకూల్చాక, తోట మీద బతికిన ఎన్నో ఇళ్లకు చేతిపనే దిక్కయింది. ఊరు విడిచి దూరం పోలేనివాళ్లకు రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలున్నాయి, విశాఖలో రిఫైనరీ, షిప్‌యార్డు ఉన్నాయి. వీటన్నిటిలో మంచి కూలి పలికేది ఆర్గాన్ వెల్డింగు, అంటే టిగ్. మేస్త్రీ దగ్గర హెల్పరుగా చేరి, గ్రైండింగు పట్టి, ఏళ్లకి టార్చ్ అందుకునే ఈ విద్యలో చేతి నిలకడ గురించీ, ఫిల్లర్ వైరు అందించే లయ గురించీ ఎంతో చెబుతారు. టార్చ్ లోపల టంగ్‌స్టన్ కడ్డీని పట్టి ఉంచే కొలెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్టోర్లో అడిగి తెచ్చుకోమనడంతో సరిపెడతారు. అది స్టోరుకు వదిలేసే పని కాదు. పదుల రూపాయల్లో దొరికే ఆ రాగి ముక్క సరిగా లేకపోతే ఎంత మంచి చేతి పనైనా ఎక్స్‌రేలో పోతుంది.

కొలెట్ అంటే ఒక కొసన నిలువుగా చీలికలున్న సన్నని రాగి గొట్టం. వెనక బ్యాక్ క్యాప్ బిగించినకొద్దీ అది ముందుకు జరిగి కొలెట్ బాడీ లోపలి వాలుకు ఒత్తుకుంటుంది. అప్పుడు చీలికలు దగ్గరపడి టంగ్‌స్టన్‌ను పట్టేస్తాయి. టంగ్‌స్టన్ జారకుండా ఆపడం అందరికీ తెలిసిన పని. అంతకంటే పెద్ద పని కరెంటు దాటించడం. వంద ఆంపియర్లు టంగ్‌స్టన్‌లోకి వెళ్లేది ఆ చీలికలు తాకిన మేర నుంచే, టంగ్‌స్టన్ వేడి వెనక్కి దిగేదీ ఆ దారినే. పట్టు వదులైతే లోపలే చిన్న చిన్న ఆర్కులు లేస్తాయి, రాగి నల్లబడుతుంది, చీలికలు మెలి తిరుగుతాయి, బయట ఆర్క్ ఒక చోట నిలవదు. టంగ్‌స్టన్ జారి కరిగిన లోహాన్ని తాకిందంటే దాని రేణువు అందులోనే ఉండిపోతుంది. ఉక్కు కంటే టంగ్‌స్టన్ సాంద్రత చాలా ఎక్కువ కాబట్టి ఎక్స్‌రే ఫిల్ము మీద అది తెల్లని చుక్కగా తేలుతుంది. ఆ చుక్కకు వెల్డరు చేతిని తప్పుపట్టడమే తప్ప, టార్చ్ విప్పి కొలెట్ చూసేవాళ్లు తక్కువ.

ఎంపిక పైపు మందంతో మొదలవుతుంది. మందాన్ని బట్టి ఆంపియర్లు, ఆంపియర్లను బట్టి టంగ్‌స్టన్, టంగ్‌స్టన్‌ను బట్టి కొలెట్. పల్చని స్టెయిన్‌లెస్ పైపుకు, డీసీ మీద సుమారు 150 ఆంపియర్ల వరకు 1.6 మి.మీ. చాలు. కార్బన్ స్టీలు పైపు రూటుకు, అంటే అతుకు మొదటి పొరకు, మామూలుగా 2.4, ఇంకా బరువు పనికి 3.2. కొలెట్, కొలెట్ బాడీ రెండూ టంగ్‌స్టన్ సైజువే కావాలి. 2.0 టంగ్‌స్టన్‌ను 2.4 కొలెట్‌లో పెట్టి గట్టిగా బిగిస్తే నిలిచినట్టే ఉంటుంది, కానీ తాకేది కొసల దగ్గరే. టార్చ్ నంబరు కూడా చూడాలి. 17, 18, 26 టార్చ్‌లకు రెండంగుళాల కొలెట్, 9, 20 నంబరు చిన్న టార్చ్‌లకు అంగుళం పొడవుది. పెద్దవాటిలో 2.4 సైజు 10ఎన్24, చిన్నవాటిలో అదే సైజు 13ఎన్23. చివరి సంఖ్య ఒక్కటే గుర్తుంచుకుని పెద్ద టార్చ్‌కి 23 అడిగితే చేతికి 1.6 వస్తుంది. ఇలాంటివి తెలిసినవాళ్లు చెబితే తప్ప తెలియవు, అందుకే చెప్పాలంటున్నాను.

మామూలు కొలెట్ బాడీకి పక్కల రంధ్రాలుంటాయి, ఆర్గాన్ వాటిలోంచి సుడి తిరుగుతూ వస్తుంది. దాని బదులు వాడే గ్యాస్ లెన్స్‌లో సన్నని స్టీలు జాలీ ఆ సుడిని అణచి గ్యాస్‌ను నిదానంగా దింపుతుంది. దానివల్ల టంగ్‌స్టన్‌ను మరికాస్త బయటికి తీసుకోవచ్చు. ఎల్బో పక్కన, ఫ్లాంజి మూలన టార్చ్ కొసనుండే కప్పు దూరని చోట ఆ కాస్త పొడవే పని జరిపిస్తుంది. గ్యాస్ తెర చెదిరిందా, స్టెయిన్‌లెస్ వెల్డు మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. పైపు లోపల ఆర్గాన్ నింపే పర్జింగు వేరే సంగతి, దాన్ని ఏ లెన్సూ తీర్చలేదు.

చేయి తిరిగినవాడు ఏ టార్చ్‌తోనైనా కాలుస్తాడన్నది పాత మేస్త్రీల మాట. అందులో నిజముంది. కానీ పిడి వదులైన కొడవలితోనూ వరి కోయగలిగిన మనిషి ముందు పిడి బిగించుకునే మడిలో దిగుతాడు. ఇక వెల్డరు అర్హత తేల్చే 6జి పరీక్షలో పైపు 45 డిగ్రీల వాలున కదలకుండా ఉంటుంది, ఒంటి భంగిమ మార్చుకోవడమే కష్టం, టార్చ్ లోపం కూడా చేతితో సర్దుకునే వ్యవధి అక్కడ ఉండదు. లెన్స్ ఖరీదెక్కువ, చిట్లిన లోహం పడి జాలీ పూడుకుపోతుందనేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకుంటాను. చేయి సులువుగా ఆడే చోట మామూలు బాడీ చాలు, ఇరుకు చోటుకీ స్టెయిన్‌లెస్‌కీ లెన్స్ దాచుకోవాలి. అన్నిటికంటే బలమైన అభ్యంతరం, సైట్లో ఇచ్చిందే వాడాలి కదా, కూలివాడికి ఎంపిక ఎక్కడిదని. కంపెనీ ఇచ్చేదాన్ని మార్చలేకపోవచ్చు. కానీ కాలిన కొలెట్‌ను గుర్తుపట్టి, నంబరు చెప్పి, ఫలానాది కావాలని అడగగలిగిన వెల్డరును ఫోర్‌మన్ కూడా లెక్కచేస్తాడు. ఏం అడగాలో తెలియనివాడికే నిజంగా ఎంపిక లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెల్డింగు నేర్పేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మొదటి వారంలో, ఆర్క్ వెలిగించక ముందే, కుర్రవాడి చేత టార్చ్ మొత్తం విప్పించండి. మంచి కొలెట్‌నూ కాలిన కొలెట్‌నూ పక్కపక్కన పెట్టి చూపించండి. పరీక్షకు పంపే రోజున వాడి జేబులో తన టంగ్‌స్టన్ సైజు కొత్త కొలెట్లు రెండు ఉండేలా చూడండి.