నీలి జున్ను కాదు, నిజం చెప్పండి

నవల తర్జుమా చేసినవాళ్ళని విమర్శకులు ఊరికే వదిలిపెట్టరు. ఈ మాట తెలుగులా లేదనీ, ఆ సంభాషణ పొసగలేదనీ నిలదీస్తారు. వంటల తర్జుమాని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నవల బాగాలేకపోతే పక్కన పడేస్తాం. వంట చెడితే డబ్బూ పోతుంది, పూటా పోతుంది, పైగా "నీకు చేతకాలేదు" అనే బిరుదు వండినావిడకి దక్కుతుంది. రాసినవాళ్ళ తప్పు వండినవాళ్ళ నెత్తిన పడుతుందన్నమాట! అందుకే ఈసారి ఒక వంటకాన్ని పుస్తకంలాగే సమీక్షిద్దామనిపించింది. అది బ్లూ చీజ్ సాలడ్ డ్రెస్సింగ్.

తెలుగులో ఇది ఇంచుమించు ఇలా కనిపిస్తుంది: నీలి జున్ను ఒక కప్పు, మేయొనైజ్ అరకప్పు, సోర్ క్రీమ్ అరకప్పు, నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలపొడి. అన్నీ కలిపి కూరముక్కల మీద పోసి వడ్డించండి. అంతే! మక్కికి మక్కి.

మొదటి మాటలోనే పప్పులో కాలు. నిఘంటువు చూసి చీజ్‌ని జున్ను అనేస్తారు. మన జున్ను ఈనిన గేదె తొలిపాలతో, బెల్లం వేసి వండుకునే తీపి పదార్థం. మా గాజులరామారంలో జున్నుపాలు దొరికిన రోజున ఇంట్లో పిల్లలకి పండగే. ఆ పిల్లల నోట్లో 'నీలి జున్ను' పేరుతో ఉప్పగా, ఘాటుగా వుండే ఈ ముద్ద పెడితే ఉమ్మేయరూ?

రెండో లోపం, అసలు సంగతి దాచెయ్యటం. ఆ నీలం రంగు కాదు, బూజు! మన భాషలో బూజు అంటే తిట్టే గదా. పాతబడిన భావాలను కూడా బూజు పట్టినవంటాం. అందుకే కాబోలు, రాసేవాళ్ళు ఆ మాట ఎత్తరు. కాని ఈ బూజు దారినపోయేది కాదు. పేరు పెనిసిలియం రోక్‌ఫోర్టీ. ఫ్రాన్సు దక్షిణాన రోక్‌ఫోర్ అనే ఊళ్ళో, గొర్రెపాల చీజ్‌లో ఈ బూజు చేర్చి, లోపలికి గాలాడేలా సూదులతో పొడిచి, చల్లగా చెమ్మగా వుండే గుహల్లో మాగబెడతారు. 1925 నుంచి ఆ పేరుకి అక్కడ చట్టరక్షణ కూడా వుంది.

ఇది చెప్పకపోతే వచ్చే ప్రమాదం చిన్నది కాదు. "మామూలు చీజ్‌కి బూజు పట్టనిస్తే సరిపోదా?" అని ఏ ఇల్లాలికైనా అనిపించవచ్చు. సరిపోదు. వానాకాలంలో రొట్టె మీదా, ఊరగాయ మీదా పట్టే బూజు ఏ రకమో మనకు తెలియదు. కొన్ని రకాలు విషాన్ని కూడా పుట్టిస్తాయి. 1928లో ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ని గుర్తించింది కూడా ఈ పెనిసిలియం కుటుంబపు బూజులోనే. అలాగని బూజుపట్టిన రొట్టెని మందుగా మింగమని ఎవరూ అనరు గదా! మందుల ఫ్యాక్టరీల జీడిమెట్ల పక్కనే వుండే మాకు ఈ తేడా వేరే చెప్పక్కరలేదు.

మూడోది, ఎందుకు తింటారో చెప్పకపోవటం. అమెరికాలో వుండే మన పిల్లలకు ఇది కారం పట్టించిన కోడిరెక్కల పక్కన వచ్చే గిన్నెగా పరిచయం. ఆ రెక్కల వంట 1964లో బఫెలో నగరంలో పుట్టిందంటారు. నోరు మండాక చల్లదనం కోసం ఇందులో ముంచుకుంటారు. ఆవకాయన్నం తరువాత మనం పెరుగన్నం కలుపుకోమూ? సరిగ్గా అదే లెక్క. ఈ ఒక్క వాక్యం రాస్తే వంటకం మనదైపోతుంది.

ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' నడిపిన మాలతీ చందూర్‌గారు ఒక చేత్తో 'వంటలు - పిండివంటలు' రాశారు, మరో చేత్తో ఇంగ్లీషు నవలలను 'పాత కెరటాలు'గా మనకు పరిచయం చేశారు. పరాయిదాన్ని గడప దాటించేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. నవలకైనా, నంజుడుకైనా ఇదే మర్యాద.

మరి ఎలా రాయాలంటారా? కప్పు పెరుగుని పల్చటి గుడ్డలో మూటగట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద రెండు గంటలు నీరు ఓడ్చండి. సోర్ క్రీమ్ బదులు అది చాలు. వంద గ్రాముల చీజ్‌లో సగం ఫోర్కుతో మెత్తగా మెదిపి, మిగతా సగం పలుకులుగానే వుంచండి. మేయొనైజ్ నాలుగు చెంచాలు, నిమ్మరసం ఒక చెంచా, చిదిమిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, మిరియాలపొడి. గట్టిగా వుంటే కాస్త మజ్జిగ. ఉప్పు మాత్రం రుచి చూశాకే. చీజ్‌లో బోలెడంత వుంటుంది. గంటసేపు ఫ్రిజ్‌లో వుంచి, తడి ఆరిన కీరా, క్యారట్ ముక్కల మీద తినబోయే ముందే పొయ్యండి. తడి వుంటే జారిపోతుంది. ముందే పోస్తే ముక్కలు నీరొదులుతాయి.

ఇంకో రెండు మాటలు చెప్పకపోతే నేరమే. చాలా చీజ్‌లను దూడ, గొర్రెపిల్లల పొట్టనుంచి తీసిన రెనెట్‌తో పేరబెడతారు. మేయొనైజ్‌లో గుడ్డు వుంటుంది. శాకాహారులు పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనాలి. కడుపుతో వున్నవాళ్ళు ఇలాంటి మెత్తటి బ్లూ చీజ్‌ను వండకుండా తినకూడదని వైద్యులు చెబుతారు. లిస్టీరియా అనే క్రిమి భయం. సరదాగా కలిపిన ఒక గిన్నె కోడలి కడుపు మీదికి తేకూడదు గదా!

చివరగా, పేరు. గాజులరామారంలో వీధి చివరి కొట్లో పాలూ, పెరుగూ, పన్నీరూ దొరుకుతాయిగాని బ్లూ చీజ్ కావాలంటే సిటీలోని పెద్ద దుకాణాలకు వెళ్ళాలి. అంతదూరం పోలేనివాళ్ళ కోసం "చీజ్ లేకపోతే పన్నీరు వెయ్యండి" అని రాస్తారు. వెయ్యండి, రుచిగానే వుంటుంది. కాని దాన్ని బ్లూ చీజ్ డ్రెస్సింగ్ అనకండి. వెల్లుల్లీ మిరియాలూ వేసిన పెరుగు పచ్చడి అనండి. ఆ పేరుకేం తక్కువ?