పటమటలో ఈజిప్టు అలమర

టూటంఖామన్ పేరు చెబితే అందరికీ ముందు గుర్తొచ్చేది బంగారు ముసుగు. 1923లో లండన్ కాసెల్ కంపెనీ అచ్చువేసిన ఆయన సమాధి పుస్తకం మొదటి సంపుటంలో ఆ ముసుగు ఎంత వెతికినా కనపడదు. తవ్వకం జరిపిన హోవర్డ్ కార్టర్, ఆర్థర్ మేస్ కలిసి ఆ పుస్తకం రాసేనాటికి శవపేటికలు ఇంకా తెరవలేదు. 1922 నవంబరు 4న మొదటి మెట్టు బయటపడింది. అదే నెల 26న తలుపులో చిన్న రంధ్రం చేసి కొవ్వొత్తి వెలుగులో లోపలికి చూశారు. 1923 ఫిబ్రవరిలో సమాధి గది గోడ తొలిచారు. ముసుగు దొరికింది 1925 అక్టోబరులో. కాబట్టి దాని సంగతి 1927 నాటి రెండో సంపుటంలోకి గాని రాలేదు. ఆలోగా మేస్ జబ్బుపడి తప్పుకున్నాడు. మూడోది వచ్చేసరికి 1933.

ఆ మొదటి సంపుటం నా దగ్గర ఉంది. అట్ట మీద బంగారు రంగు పేడపురుగు ముద్ర సగానికి సగం చెరిగిపోయింది, వెన్ను ఒకసారి మళ్లీ కట్టించుకున్నాను. హ్యారీ బర్టన్ తీసిన ఫొటోలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ పుస్తకం చదువుతుంటే, గోడ అవతల ఏముందో తెలియని మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. తర్వాత వచ్చిన పుస్తకాలన్నీ ముసుగు బొమ్మను అట్ట మీద వేసుకుని మొదలవుతాయి, ముగింపు తెలిసిన కథ చెబుతాయి. పాత పుస్తకాలు వెతకడానికి నాకున్న మొదటి కారణం ఇదే. ఏ సంవత్సరానికి మనుషులకు ఏమి తెలుసో, ఏమి తెలియదో ఆ సంవత్సరం పుస్తకంలో తప్ప ఇంకెక్కడా అంత నిక్కచ్చిగా దొరకదు.

'వాటిలో సగం తప్పులేగా, ఎవరో ఎప్పుడో కొట్టేసిన సిద్ధాంతాలేగా' అని మిత్రులు అంటారు. నిజమే. చార్లెస్ పియాజీ స్మిత్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1864లో గిజా మహా పిరమిడ్ మీద ఒక పుస్తకం రాశాడు. దాని కొలతల్లో దైవసందేశం దాగి ఉందనీ, అంగుళం లెక్క కూడా దైవదత్తమనీ ఆయన నమ్మకం. ఆ మాట నమ్మినవాళ్లలో ఫ్లిండర్స్ పీట్రీ తండ్రి ఒకరు. కుర్రవాడైన పీట్రీ 1880లో కొలత సామాన్లు పట్టుకుని గిజా వెళ్లి ఒక్కో రాయినీ జాగ్రత్తగా కొలిచి, 1883లో తన పుస్తకం వేసి, స్మిత్ లెక్క కుదరదని తేల్చేశాడు. ఆధునిక పురావస్తు పరిశోధనకు దారివేసిన మనుషుల్లో పీట్రీ ఒకడు. ఆయన్ని అటు నడిపించింది ఒక తప్పుడు పుస్తకం. స్మిత్‌ని చిత్తుకాగితాలకు వేసేసి పీట్రీని మాత్రం దాచుకుంటే, పీట్రీ అంత కష్టం ఎందుకు పడ్డాడో చదివేవాడికి అర్థం కాదు. అందుకే నా అలమరలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ తర్వాతి ముద్రణలే, తొలి ముద్రణలు నా తాహతుకు మించినవి.

నెపోలియన్ వెంట వెళ్లిన పండితులు 1809 నుంచి వెలువరించిన మహా సంపుటాలు అసలే అందనివి, వాటి బొమ్మలు పునర్ముద్రణల్లోనే చూశాను. ఆ చిత్రకారులు గుడి గోడల మీది చిత్రలిపిని గీసేనాటికి దాన్ని చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడూ లేడు. షాంపోలియన్ గుట్టు విప్పింది 1822లో. ఒక్క అక్షరమూ తెలియకుండా అంత ఓపికగా అక్షరాలు గీసిన ఆ చేతులంటే నాకు ఎంతో గౌరవం.

ఇక ఇలాంటి పుస్తకాలు విజయవాడకి, అందులో మా పటమటకి ఎలా వస్తాయి? సూయజ్ కాలువ 1869లో తెరుచుకున్నాక ఇంగ్లండు నుంచి మద్రాసు వచ్చే ఓడలు చాలావరకు ఈజిప్టు గడప తొక్కే వచ్చేవి. దొరలు, పాదిరీలు, ఇంజనీర్లు దారిలో చదువుకోవడానికి కొన్న గైడు పుస్తకాలు, యాత్రా గ్రంథాలు వాళ్ల పెట్టెల్లో ఇటు దిగాయి. వాళ్లు వెళ్లిపోయేటప్పుడు వేలంలోనో దానంగానో కాలేజీలకీ, వకీళ్ల ఇళ్లకీ చేరాయి. అక్కడి నుంచి అటకల మీదికి, అటకల నుంచి కాటా మీదికి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మే ఒకాయనకి నా పిచ్చి తెలుసు. 'మాస్టారూ, మమ్మీల పుస్తకం ఒకటి పక్కన పెట్టాను' అని కబురు చేస్తాడు. ఎక్కువసార్లు అది వాలిస్ బడ్జ్ పుస్తకానికి డోవర్ కంపెనీ వేసిన చవక ప్రతి అవుతుంది. అయినా వెళ్తాను. ఒకసారి ఆ కట్టలోనే అమీలియా ఎడ్వర్డ్స్ నైలు యాత్ర దొరికింది. 1870ల్లో పడవ మీద నైలు ఎదురెక్కి, కూలిపోతున్న గుళ్లు చూసి చలించిపోయి, తిరిగి వెళ్లి 1882లో ఈజిప్టు తవ్వకాల నిధి స్థాపించడానికి కారకురాలైన మనిషి ఆవిడ.

పుస్తకం చేతికి రాగానే నేను ముందు చూసేది వెనక అట్ట లోపలివైపు. పాత యాత్రా గ్రంథాలకి అక్కడ మడత పటం ఉంటుంది, ముందు పోయేదీ అదే. తర్వాత బొమ్మల జాబితా తీసి, ఒక్కో బొమ్మ ఉందో లేదో వేలు పెట్టి సరిచూసుకోవాలి. చూడ్డానికి నిండుగా కనిపించే పుస్తకంలో కూడా, బ్లేడుతో కోసి తీసిన బొమ్మ తాలూకు సన్నటి చీలిక కుట్టు దగ్గర దొరుకుతుంది. ఆ తర్వాత కుట్టు. పుస్తకాన్ని మధ్యకి తెరిచి దారం బిగిగా ఉందో లేదో చూస్తే చాలు. దారం గట్టిగా ఉంటే అట్ట ఊడినా ఫర్వాలేదు, అట్ట మళ్లీ వేయించుకోవచ్చు. ఆఖరికి మొదటి ఖాళీ కాగితం మీది సంతకాలు. ఒక దొర పేరు, కింద ఒక తెలుగు ప్లీడరు పేరు, ఆ కింద ఎవరి మనవడిదో బాల్‌పెన్ను గీత. ఇవి ఉన్న ప్రతి నాకు మచ్చలేని ప్రతి కన్నా విలువైంది. అమ్మకానికి పెట్టేవాళ్లు వీటిని రబ్బరుతో రుద్దేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కృష్ణా తీరాన కూర్చుని నైలు మీద ఈ మోజేమిటని అడిగేవాళ్లకి నేను ముందు మెక్‌క్రిండిల్‌ని చూపిస్తాను. 'పెరిప్లస్' అనే ఓడ బేరగాళ్ల గ్రంథానికి ఆయన ఇంగ్లీషు అనువాదం 1879లో వచ్చింది, షాఫ్ అనువాదం 1912లో. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో దాన్ని రాసింది ఈజిప్టులో ఉంటూ గ్రీకు మాట్లాడే ఒక వర్తకుడు, పేరు దక్కలేదు. మసాలియా తీరంలో సన్నబట్ట విస్తారంగా నేస్తారని అందులో ఉంది. మసాలియా అంటే మన బందరు సీమ. తర్వాతి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలెమీ రాసిన భూగోళంలో ఈ నది పేరు మైసోలస్, ఒక రేవు పేరు కొంటకొస్సుల. దాన్ని ఘంటసాలగా పండితులు గుర్తించారు. ఆ తీరంలోనే సువర్ణభూమికి ఓడలు బయల్దేరే చోటొకటి ఉందని కూడా టాలెమీ రాశాడు. ఘంటసాల పటమటకి బస్సు దూరం. మన డెల్టా గురించి బయటివాళ్లు రాసిన తొలి మాటల్లో కొన్ని ఈజిప్టులో పుట్టాయి. మరి ఈజిప్టు పుస్తకాల అలమరలో అవి లేకపోతే ఎలా?

ఇంకో పేరు కూడా చెప్పాలి, ఇయుగెన్ హుల్ట్ష్. మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా దక్షిణాది శాసనాలు అచ్చువేసిన జర్మన్ పండితుడు. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన ఒక పపైరస్ 1903లో అచ్చయింది. అదొక గ్రీకు ప్రహసనం. గ్రీకు అమ్మాయి ఒకతె భారత తీరంలో చిక్కుకుంటుంది, అక్కడివాళ్లు గ్రీకుకాని భాషలో ఏదో మాట్లాడతారు. అవి కన్నడ మాటలని 1904లో హుల్ట్ష్ ప్రతిపాదించాడు. వాదన ఇప్పటికీ తేలలేదు. ఆయనే 1925లో అశోకుడి శాసనాల సంపుటం వెలువరించాడు. పదమూడో శిలాశాసనంలో ఆంధ్రుల పేరూ, ఈజిప్టు నేలిన రెండో టాలెమీ పేరూ రెండూ ఉన్నాయి, టాలెమీని తురమయుడన్నారు. అదే శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. కానీ 1925 నాటి హుల్ట్ష్ సంపుటంలో ఎర్రగుడి లేదు, అది వెలుగులోకి వచ్చింది ఆ తర్వాత. కార్టర్ మొదటి సంపుటంలో ముసుగు లేనట్టే ఇదీ.

విలియం విల్‌కాక్స్ రాసిన ఈజిప్టు సాగునీటి గ్రంథం (1889) కూడా ఇదే అరలో పెట్టుకున్నాను. ఆయన మనదేశంలోనే పుట్టి, రూర్కీలో చదివి, ఇక్కడి కాలువల మీద పనిచేసి నైలుకి వెళ్లిన ఇంజనీరు. వరద నీటిని మడుల్లో నిలిపి సాగుచేసే ఫరోల నాటి పద్ధతిని ఆయన చెప్పిన తీరు డెల్టా రైతుకి ఇట్టే అర్థమవుతుంది. ఆ పుస్తకం వచ్చేనాటికి నదినీటి సాగు ఇక్కడివాళ్లకి కొత్త కాదు, బెజవాడ ఆనకట్ట 1855 నాటికే పూర్తయి ఉంది.

ఇప్పుడు నిల్వ సంగతి. ఇదే నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వని సంగతి. ఈజిప్టులో ఎవరూ దాచకపోయినా ఇసుక దాచింది. పారేసిన అప్పు పత్రం కూడా దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచింది. వియన్నాలో ఉన్న ముజిరిస్ పపైరస్ అలాంటి అప్పు పత్రమే. కేరళ తీరం నుంచి హెర్మాపోలన్ అనే ఓడ తెచ్చిన సరుకు లెక్క అందులో ఉంది. ఆ ఓడ మీద సరుకెక్కించిన మనవాళ్లు కూడా తాటాకు మీద ఏదో ఒక లెక్క రాసుకునే ఉంటారు. అది లేదు. మన గాలిలో తాటాకైనా కాగితమైనా దానంతటది నిలవదు, తరతరానికీ ఎవరో ఒకరు తిరగరాయాలి. పెరిప్లస్‌ని కాపాడింది కూడా ఇసుక కాదు, తిరగరాసిన చెయ్యి. ఇప్పుడు హైడెల్‌బర్గ్‌లో ఉన్న పదో శతాబ్దపు రాతప్రతి వల్లే మసాలియా సన్నబట్ట మాట మనదాకా వచ్చింది.

జూలై నుంచి నవంబరు దాకా పటమటలో పుస్తకం ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది. అలమర గోడకి ఆనించను, నాలుగు వేళ్లు దూరేంత సందు వదులుతాను. అద్దాల తలుపులు రోజూ కాసేపు తెరవాలి. పుస్తకాలు బిగించి కుక్కకూడదు, వేలు దూరాలి. చెద మట్టిగీత గోడ మీద కనిపించిందంటే ఆ రోజు ఇంక వేరే పని లేదు. పాతకాలపు బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, పురుగు ముట్టకుండా. వేపాకు, కలరా ఉండలు నేనూ వాడాను గానీ, నెలకోసారి ప్రతి పుస్తకాన్నీ చేత్తో తీసి తిరగేయడాన్ని మించిన మందు నాకు కనపడలేదు.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అక్కడ ఒక మిత్రుడి ఇంట్లో కింది రెండు అరలు నీళ్లలో నానాయి. మామూలు కాగితం పుస్తకాలు చాలావరకు దక్కాయి. పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి, ఎండలో కాకుండా ఫ్యాను కింద, కాగితాలు మార్చుకుంటూ ఆరబెట్టాం. నున్నటి ఆర్టు పేపరు మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు మాత్రం అట్టముక్కలైపోయాయి. ఆ కాగితానికి పూసిన పూత తడిస్తే పేజీలు ఒకదానికొకటి కరుచుకుంటాయి, విడదీస్తే బొమ్మ రెండు పేజీలకీ చెరిసగం వస్తుంది. కర్నాక్ స్తంభాల ఫొటోలు అలా చేతుల్లోనే చిరిగిపోవడం చూశాను. ఆ రోజు నుంచి బొమ్మల పుస్తకాలన్నీ పై అరకి ఎక్కించాను.

పటమట వాళ్లకి పుస్తకం విలువ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరున్న సర్వోత్తమ భవనం ఇక్కడే ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య గారు, పాతూరి నాగభూషణం గారు నడిపిన గ్రంథాలయ ఉద్యమానికి ఈ ఊరే కేంద్రం. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పుట్టింది. 1930ల్లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు ఊళ్లకి వెళ్లాయి. అలాంటి ఊళ్లో 'పాతబడ్డాయి, ఎవరూ చదవడం లేదు' అని అరలు ఖాళీ చేసి కిలోల లెక్కన పంపించడం చూస్తే బాధ వేస్తుంది. ఎక్కడో పేరు చెప్పను, ఒక సంస్థ అలా పంపిన కట్టలోనే నాకు బ్రెస్టెడ్ 1905 నాటి ఈజిప్టు చరిత్ర దొరికింది, పటాలతో సహా. నాకు దొరికినందుకు సంతోషమే. కానీ అది ఉండాల్సింది నా ఇంట్లో కాదు, నలుగురూ చదువుకునే బల్ల మీద.

మన చుట్టుపక్కల పెంకుటిళ్లు, డాబాలు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. సామాను సర్దేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టె పాతపేపర్ల కొట్టుకి పంపే ముందు ఒక పూట ఆగండి. 1950కి ముందు అచ్చయినవి ఒక పక్కకి తీయండి, ఏ భాషవైనా సరే. వెనక అట్ట లోపల పటం ఉందేమో చూడండి. చినిగిన అట్టకి సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్లకి ఆ జిగురు కాగితాన్ని తినేస్తుంది, మెత్తటి నూలు నాడాతో కట్టి ఉంచండి. అంచుల్లో తాతగారు పెన్సిలుతో రాసుకున్న తెలుగు అక్షరాలుంటే చెరపకండి. ఎవరికివ్వాలో తోచకపోతే దగ్గర్లోని గ్రంథాలయంలో అడగండి. వాళ్లు తీసుకోకపోతే ఈ పత్రికకి ఒక ఉత్తరం రాయండి, నేనే వచ్చి చూస్తాను.