ధర చెప్పని ప్రకటన

2011 నవంబర్ 25న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాల్లో ఒకే వాక్యం: ఈ జాకెట్ కొనకండి. దానితోపాటు ఆ జాకెట్ బొమ్మ, చిన్న అక్షరాల్లో కాస్త వివరణ. ఈ ప్రకటన వేయించింది పోటీ కంపెనీవాళ్లో పర్యావరణ సంఘంవాళ్లో అయితే వింత లేదు. ఆ జాకెట్‌ను కుట్టించి అమ్ముకునే పటగోనియా కంపెనీయే సొంత డబ్బు పోసి వేయించుకుంది. అదీ అమెరికాలో అమ్మకాలు హోరెత్తిపోయే బ్లాక్ ఫ్రైడే నాడు.

ఈ ప్రకటనను వ్యాపార పాఠాల్లో తరచు చెబుతుంటారు. చాలామంది దాని ధైర్యాన్ని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతారు. నన్ను మాత్రం మళ్లీ మళ్లీ చదివించేది అందులోని రాతపని. పండగ సేల్‌కు వెళ్లాలా, ఈసారికి మానుకోవాలా అన్న ప్రశ్నను కొనేవాళ్ల ముందు ఇంత తూకంగా పెట్టిన రాత మరొకటి నా కంటబడలేదు. ఆ పేజీని ముక్కముక్కగా విడదీసి చూస్తే ఆ తూకం ఎలా కుదిరిందో తెలుస్తుంది.

ముందు ఆ రోజు సంగతి. నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగ. మర్నాడే బ్లాక్ ఫ్రైడే. ఆ ఏడాది వాల్‌మార్ట్ శుక్రవారం దాకా కూడా ఆగలేదు, గురువారం రాత్రి 10 గంటలకే అమ్మకాలు మొదలుపెట్టింది. టార్గెట్, మేసీస్, బెస్ట్ బై అర్ధరాత్రి తలుపులు తెరిచాయి. ఆ రాత్రే లాస్ ఏంజిలిస్‌లో పోర్టర్ రాంచ్ దగ్గరి వాల్‌మార్ట్‌లో వీడియో గేమ్ యంత్రాల కోసం జరిగిన తోపులాటలో ఒకావిడ చుట్టూ ఉన్నవాళ్ల మీద మిరియాల స్ప్రే కొట్టింది. మర్నాడు పొద్దున్నే పేపరు విప్పినవాళ్లకు ఆ వార్తలూ ఆఫర్లూ కలగలిసి ఉన్న వేళ ఈ పేజీ ఎదురైంది. ఇదే ప్రకటన ఏ మార్చి నెలలోనో వచ్చి ఉంటే నీతిబోధ అనుకుని పేజీ తిప్పేసేవాళ్లు. ఆ రోజు రావడం వల్ల ఎదురుమాట అయింది.

ఇక బొమ్మ. జాకెట్ తప్ప ఇంకేమీ లేదు. దాన్ని తొడుక్కుని నవ్వే మనిషి లేడు, వెనక మంచుకొండ లేదు, మూలన ధర లేదు, తగ్గింపు శాతం అంతకన్నా లేదు. చలిలో కొండలెక్కే వాళ్ల కోసం ఉన్నిలాంటి పాలిస్టర్ బట్టతో చేసిన ఆర్2 అనే రకం అది. ఏ జాకెట్ బొమ్మ వేయాలన్న దగ్గరే మొదటి పనితనం ఉంది. అమ్ముడుపోకుండా గోడౌన్‌లో పడి ఉన్న రకాన్ని చూపించి కొనొద్దనడం ఎవరికైనా చేతనవుతుంది. వీళ్లు చూపించింది తమకు బాగా అమ్ముడుపోయే వాటిలో ఒకదాన్ని. ఆ మాట ప్రకటనలోనే చెప్పారు కూడా. నష్టం వస్తే నిజంగా తగిలే చోటే వేలు పెట్టారు కాబట్టి చదివేవాడు కిందికి చూపు దించుతాడు.

కింద లెక్కలున్నాయి. ఈ ఒక్క జాకెట్ తయారీకి 135 లీటర్ల నీళ్లు అయ్యాయి. ముడిసరుకు దశ నుంచి నెవాడా రాష్ట్రం రీనోలోని గోడౌన్ చేరేలోపు దాదాపు 20 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసింది. అది జాకెట్ బరువుకు 24 రెట్లు. దారి పొడుగునా మిగిల్చిన చెత్త జాకెట్ బరువులో మూడింట రెండు వంతులు. మన లెక్కలోకి మార్చుకుంటే, 400 గ్రాములు కూడా తూగని జాకెట్ కోసం దాదాపు 9 కిలోల వాయువు, పావుకిలో వ్యర్థం.

సేల్ ప్రకటనలో అంకెలు ఏ పని చేస్తాయో గుర్తు తెచ్చుకుంటే ఈ అంకెల తీరు బోధపడుతుంది. కొట్టేసిన పాత ధర, పక్కన కొత్త ధర, ఎర్ర చుక్కలో శాతం. ఆ మూడూ కలిసి మన చూపును మిగిలే డబ్బు మీద నిలబెడతాయి. పోయే డబ్బు కనిపించదు. రెండు వేల చీర వెయ్యికి వచ్చిందంటే వెయ్యి మిగిలిందనే ఇంట్లో చెప్పుకుంటాం, బీరువాలో ఇంకో చీర చేరిందనీ వెయ్యి ఖర్చయిందనీ అనుకోం. ఈ ప్రకటన రాసినవాళ్లు రూపాయి, డాలరు భాషనే వదిలేశారు. లీటరు, పౌండు, బరువుకు ఇన్ని రెట్లు అన్నారు. వాటికి తగ్గింపు లేదు. సేల్ రోజు కొన్నా మామూలు రోజు కొన్నా 135 లీటర్లు 135 లీటర్లే.

ఇంత మెచ్చుకుంటూ ఒక గాటు చూపించకుండా వదలడం న్యాయం కాదు. ఆ 135 లీటర్లు 45 మందికి ఒక రోజు అవసరానికి సరిపోతాయని చెబుతూ, మనిషికి రోజుకు మూడు గ్లాసుల చొప్పున అని బ్రాకెట్లో పెట్టారు. 135ను 45తో భాగిస్తే తలకు 3 లీటర్లు వస్తాయి. మూడు గ్లాసుల్లో 3 లీటర్లు పట్టాలంటే అవి గ్లాసులు కావు, చెంబులు. ఎక్కడో లీటర్లు గ్లాసులైపోయాయి. అంకెల బలం మీద నిలబడ్డ పేజీలో ఇది జారిన కుట్టే. అయినా మిగతా బట్ట పట్టు వదల్లేదు, ఎందుకంటే వాదన ఆ ఒక్క పోలిక మీద ఆనుకుని లేదు.

అంకెల తర్వాత వరస చూడండి. అక్కడే నాకు ఈ రాతలో అసలు నేర్పు కనిపిస్తుంది. ముందు జాకెట్ చేసిన నష్టం చెప్పారు. ఆ తర్వాత దాని మంచి చెప్పారు: 60 శాతం రీసైకిల్ చేసిన పాలిస్టర్‌తో చేసింది, గట్టి కుట్టు, చాలాకాలం మన్నుతుంది, పాడైతే మేమే వెనక్కి తీసుకుంటాం. అంతటితో ఆపి ఉంటే అది మామూలు అమ్మకం ప్రకటనే అయ్యేది. కాస్త తిట్టుకుని చివరికి పొగుడుకోవడం పాత విద్యే. వీళ్లు ఇంకో అడుగు వేసి, ఇంత మంచి జాకెట్ అయినా దీని వల్ల ప్రకృతికి అయ్యే ఖర్చు దాని ధర కన్నా ఎక్కువే అని ముగించారు. పొగడ్తను నడిమధ్యలో పెట్టి రెండు వైపులా నేరం ఒప్పుకోవడంతో, మంచి సరుకైతే ఎంత కొన్నా ఫర్వాలేదు అన్న సాకు కూడా చదువరి చేతిలోంచి జారిపోతుంది.

తర్వాత ఐదు చిన్న పేరాలు. తగ్గించడం, బాగుచేయించడం, వేరేవాళ్లకు ఇవ్వడం, రీసైకిల్ చేయడం, కొత్తగా ఆలోచించడం. మొదటి నాలుగింటిలోనూ రెండేసి వాక్యాలు: మేము ఇది చేస్తాం, మీరు ఇది చేయండి. ఎక్కువకాలం మన్నే సరుకు చేయడం మా వంతు, అక్కర్లేనిది కొనకపోవడం మీ వంతు. బాగుచేయడంలో సాయం మాది, చిరిగినదాన్ని బాగుచేయించుకుంటామన్న మాట మీది. ఐదోదానికి వచ్చేసరికి మేమూ మీరూ పోయి మనమందరం వస్తుంది. ఉపన్యాసాల్లో బరువంతా వినేవాళ్ల నెత్తిన పడుతుంది. ఇక్కడ ఆ నాలుగు పేరాల్లోనూ కంపెనీ ముందు తన మెడకు చుట్టుకుని, తర్వాతే కొనేవాడికి పని చెప్పింది. ఒప్పందంలా కనిపించే ఈ అమరిక వల్ల సలహాలో పెద్దరికం వాసన రాదు.

ఈ వరసలో మనకు కొత్తగా వినిపించేది తక్కువ. జిప్పు పోతే రన్నర్ మార్పించుకునేవాళ్లం, పాత బట్టలేసి స్టీలు సామాను తీసుకునేవాళ్లం, నలిగిన చీరలతో బొంత కుట్టించుకునేవాళ్లం. అవన్నీ చాలావరకు డబ్బు చాలక పుట్టిన అలవాట్లు. చేతిలో డబ్బు ఆడిన రోజున కూడా అవి ఎందుకు నిలవాలో ఈ పేజీ కారణం చెబుతుంది.

పేజీ మొత్తం మీద ఇంకొక తలకిందుల పని ఉంది. మన ఊళ్లలో ఆషాఢం వచ్చిందంటే బట్టల కొట్ల ముందు హోర్డింగులు లేస్తాయి. ఆ నెలలో శుభకార్యాలుండవు, గిరాకీ పడిపోతుంది, శ్రావణంలో పెళ్లిళ్లూ నోములూ మొదలయ్యేలోగా పాత సరుకు కదలాలి. అందుకే ఆఫర్లు. హోర్డింగ్ మీద 70% అన్నది మనిషంత ఎత్తున ఉంటుంది. దాని పక్కన ‘వరకు’ అన్న మాట చీమంత ఉంటుంది. కింద చుక్క పెట్టి, షరతులు వర్తిస్తాయి అని. పెద్ద అక్షరాలు ఇచ్చినదాన్ని చిన్న అక్షరాలు వెనక్కి లాక్కుంటాయి. పటగోనియా పేజీలో పెద్ద అక్షరాలే వద్దన్నాయి. చిన్న అక్షరాలు అమ్మేవాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాయి. చిన్న అక్షరాలు చదివినకొద్దీ నమ్మకం పెరిగే ప్రకటన అరుదు.

ఇంత మాట నమ్మడానికి వెనక చరిత్ర కూడా ఉండాలి. కంపెనీ స్థాపకుడు ఇవాన్ షునార్డ్ కొండలెక్కే మనిషి, తనకు తానే కమ్మరిపని నేర్చుకున్నవాడు. బండ పగుళ్లలోకి సుత్తితో దిగగొట్టే ఉక్కు పిటన్లు చేసి అమ్ముతూ వ్యాపారంలోకి వచ్చాడు. 1970 నాటికి ఆయన వ్యాపారంలో పెద్ద భాగం వాటిదే. కానీ కొట్టడం, పీకడం, మళ్లీ కొట్టడంతో యోసెమిటీ లోయలోని బండలు పాడైపోతున్నాయని కళ్లారా చూశాడు. 1972 కేటలాగులో పిటన్లను వదిలేయమని ఎక్కేవాళ్లకు చెప్పి, సుత్తి లేకుండా చేత్తో ఇరికించి చేత్తోనే తీసేసుకునే అల్యూమినియం చాక్‌లను ముందుకు తెచ్చాడు. బాగా అమ్ముడుపోయే సరుకునే వద్దనడం 2011లో పుట్టిన చమత్కారం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే అప్పుడు కూడా వద్దన్నదానికి బదులు అమ్మడానికి చేతిలో ఇంకొకటి ఉందన్నది మరిచిపోకూడదు.

ఆ అనుమానమే ఈ ప్రకటనకూ తగిలింది. కొనొద్దన్న మరుసటి ఏడాది కంపెనీ అమ్మకాలు దాదాపు మూడో వంతు పెరిగాయి. ఇదంతా అమ్ముకునే ఎత్తుగడేనని చాలామంది అన్నారు. 2016లో ఇంకో మలుపు: బ్లాక్ ఫ్రైడే అమ్మకాల మొత్తాన్ని పర్యావరణ సంఘాలకు ఇచ్చేస్తామని కంపెనీ ప్రకటించింది. 20 లక్షల డాలర్లు వస్తాయనుకుంటే కోటి డాలర్లు వచ్చాయి. మంచిపని పేరుతో జనం అయిదింతలు కొన్నారన్నమాట. అక్కర్లేనిది కొనకండి అన్న మాటకు ఇది పక్కదారి పట్టడమే. రాత గొప్పదైనంత మాత్రాన రాయించినవాళ్లు ప్రతి అడుగులోనూ దాని వెంటే నడుస్తారని లేదు.

అయినా నేను ఈ ప్రకటన పక్షాన నిలబడతాను. సేల్‌ను కాదన్నవాళ్లు ఇంకా ఉన్నారు. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన టెడ్ డేవ్ అనే చిత్రకారుడు 1992లో, ఒక రోజంతా ఏమీ కొనకుండా ఉండాలని ఉద్యమం మొదలుపెట్టాడు. ఆర్‌ఈఐ అనే సహకార సంస్థ 2015 బ్లాక్ ఫ్రైడే నాడు తన 143 దుకాణాలూ మూసి, ఉద్యోగులకు జీతంతో సెలవిచ్చి బయట తిరిగి రమ్మంది. మొదటిది ఉపవాసం. రెండోది తలుపు మూయడం. రెండూ గౌరవించదగినవే, కానీ ఆ ఒక్క రోజు గడిచాక కొనాలా వద్దా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. శుక్రవారం కొననివాడు సోమవారం కొనొచ్చు. పటగోనియా పేజీ రోజును నిషేధించలేదు, దుకాణం మూయలేదు, కొనేవాణ్ణి తిట్టలేదు. ఒక వస్తువు లెక్క ముందు పెట్టి, రెండుసార్లు ఆలోచించమంది. ఆ ఆలోచన ఏ రోజుకైనా పనికొస్తుంది.

మన పండగలకే పెట్టి చూడండి. శ్రావణంలో ఇంట్లో పెళ్లి ఉంది, పెట్టుబడి చీరలు పాతిక కావాలి. ఆషాఢంలో కొనడం తెలివైన పనే. ఆ పేజీ దాన్ని తప్పుపట్టదు, అవసరం ముందు పుట్టింది, సేల్ తర్వాత వచ్చింది కాబట్టి. పాత ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది, బాగుచేసే మనిషి చేతులెత్తేశాడు, దసరా ఆఫర్ దాకా పది రోజులు ఓపిక పట్టారు. అదీ సబబే. 2014 అక్టోబర్‌లో ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే మొదలైనప్పటి నుంచీ పండగ సేల్ ఫోన్‌లోకే వచ్చేసింది. బాగానే పనిచేస్తున్న ఫోన్ చేతిలో పట్టుకుని, అర్ధరాత్రి దాకా మేలుకుని, అదే ఫోన్‌లో కొత్త ఫోన్ బుక్ చేస్తున్నామంటే వరస తిరగబడింది. సేల్ ముందు వచ్చింది, అవసరాన్ని దానికోసం వెతుక్కున్నాం. మానుకోవలసిన సేల్ అదీ.

ప్రకటనలు రాసే పనిలో ఉన్నవాళ్లు ఈ పేజీ నుంచి ధైర్యం ఒక్కటే అరువు తెచ్చుకుంటే చాలదు. కొనొద్దు అన్న శీర్షిక పెట్టడం సులువు, ఆ దారిలో నడిచినవాళ్లు తర్వాత ఉన్నారు. కష్టమైనది కింద రాసిన చిన్న అక్షరాల పని: తన సరుకు బరువు తానే తూచి, ఆ చీటీ కొనేవాడి చేతిలో పెట్టడం. కొనేవాళ్లమైన మనకు అందులో దొరికేది ఒక వరస. అవసరమా, ఉన్నదాన్ని బాగుచేయించుకోవచ్చా, వాడినది ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాక, ధర ఎంత, ఎంత తగ్గింది అన్న ప్రశ్న చివరికి వస్తుంది. ఆ వరసలో మూడు ప్రశ్నలూ దాటుకుని వచ్చిన వస్తువును సేల్‌లో కొనుక్కోవడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.