నిలువా, అడ్డమా: గ్రాఫిక్స్ మాత్రికలను రాసే పద్ధతి

ఒక బిందువు (1, 0, 0) దగ్గర ఉంది. దాన్ని జెడ్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పి, ఆపైన ఎక్స్ దిశలో 5 యూనిట్లు జరిపితే (5, 1, 0)కి చేరుతుంది. ముందు జరిపి తర్వాత తిప్పితే (0, 6, 0)కి పోతుంది. పనులు అవే రెండు, ముందువెనకలు మారాయంతే. తెర మీద కదిలే ప్రతి త్రీడీ బొమ్మ వెనకా ఇలాంటి లెక్కలే ఉంటాయి. ఆ ముందువెనకలను కాగితం మీద ఎలా రాయాలో తేల్చి చెప్పడం గ్రాఫిక్స్ డాక్యుమెంటేషన్‌కు మొదటి బాధ్యత.

తిప్పడం, సాగదీయడం 3×3 మాత్రికకు లొంగుతాయి, జరపడం లొంగదు. అందుకని బిందువుకు నాలుగో అంకెగా 1 చేర్చి 4×4 మాత్రికతో గుణిస్తారు. 1827లో మోబియస్ చూపిన దారి ఇది. 1960ల్లో లారెన్స్ రాబర్ట్స్ దాన్ని కంప్యూటర్ గ్రాఫిక్స్‌లోకి తెచ్చారు. నాలుగో అంకె 1 అయితే అది బిందువు, 0 అయితే దిశ. దిశను జరపడమంటే అర్థం లేదు కదా, ఆ సున్నాయే జరుపుడును రద్దు చేసేస్తుంది. ఇంత పొదుపైన ఏర్పాటును చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక్కడిదాకా అందరిదీ ఒకే మాట. ఆ నాలుగు అంకెల వెక్టర్‌ను నిలువుగా రాయాలా, అడ్డంగా రాయాలా అన్నచోట దారులు చీలాయి. నిలువుగా రాస్తే వెక్టర్ కుడి చివర ఉంటుంది: జరుపు × తిప్పు × బిందువు. బిందువును ఆనుకున్న పని ముందు జరుగుతుంది కనుక కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. అడ్డంగా రాస్తే బిందువు × తిప్పు × జరుపు, అంటే మనం చదివే దారిలోనే పనులూ నడుస్తాయి. ఫోలీ, వాన్ డామ్ 1982లో రాసిన పాఠ్యపుస్తకం అడ్డం రాతను వాడింది. 1990లో ఫైనర్, హ్యూస్ కూడా చేరి తెచ్చిన పుస్తకం గణితజ్ఞుల వాడుకకు మారి నిలువు రాతను చేపట్టింది.

సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ ఈ మార్పును దాటిన తీరు చూడదగ్గది. ఆ సంస్థ పాత లైబ్రరీ ఐరిస్ జీఎల్ పత్రాల్లో వెక్టర్లు అడ్డంగా ఉండేవి. 1992లో వచ్చిన ఓపెన్‌జీఎల్ పత్రాలు నిలువు రాతను ఎంచుకున్నాయి. రాత మారితే ప్రతి మాత్రికలోనూ అడ్డువరుసలు నిలువువరుసలవుతాయి. అయినా మెమరీలో ఒక్క అంకె కూడా కదలలేదు. ఇంతకాలం అడ్డువరుసల వెంట పేర్చిన 16 అంకెలనే ఇకమీదట నిలువువరుసల వెంట పేర్చినట్టు చదువుకోమన్నారు. రెండు మార్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అందుకే ఎక్స్ దిశలో 5 యూనిట్లు జరిపే మాత్రిక ఓపెన్‌జీఎల్ లెక్కల్లోనూ, అడ్డం రాత వాడే డైరెక్ట్‌ఎక్స్ గణిత లైబ్రరీలోనూ మెమరీలో ఒకేలా ఉంటుంది: 1 0 0 0, 0 1 0 0, 0 0 1 0, 5 0 0 1. ఆ 5 రెండింటిలోనూ 13వ స్థానమే.

అంకెలు ఒకటే అయినప్పుడు తికమక ఎందుకంటే, రెండు వేర్వేరు నిర్ణయాలను ఒకే పేరుతో పిలవడం వల్ల. వెక్టర్ నిలువా అడ్డమా అన్నది గణితపు రాత. అంకెలను ఏ వరుస వెంట పేర్చారన్నది మెమరీ సంగతి. 'కాలమ్ మేజర్' (నిలువువరుసల వెంట పేర్చడం) అన్న మాట రెండోదానికి మాత్రమే చెందుతుంది. దాన్ని మొదటిదానికీ వాడేస్తే చదివేవారు ఎక్కడో ఒకచోట మాత్రికను అనవసరంగా తిరగేస్తారు (ట్రాన్స్‌పోజ్ చేస్తారు). డైరెక్ట్‌ఎక్స్ గణిత లైబ్రరీ అడ్డువరుసల వెంట పేరుస్తుంది. దాని షేడర్ (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే ప్రోగ్రామ్) భాష హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ మాత్రం, మనం వేరే చెప్పకపోతే, నిలువువరుసల వెంట చదువుకుంటుంది. అందుకే మాత్రికను షేడర్‌కు పంపే ముందు ట్రాన్స్‌పోజ్ చేయడం అక్కడ ఆనవాయితీ. కారణం తెలియకుండా ఆ లైను కాపీ చేసినవారు తర్వాత దాన్ని తీసేయడానికీ భయపడతారు, ఉంచడానికీ భయపడతారు.

ప్రోగ్రామర్లు 'రెడ్ బుక్' అని పిలుచుకునే ఓపెన్‌జీఎల్ గైడ్ ఈ విషయంలో మేలైన పని చేసింది. సీ భాషలో మాత్రికను 4×4 అరేగా ప్రకటిస్తే మొదటి సూచిక నిలువువరుసను సూచిస్తుందని హెచ్చరించి, 16 అంకెల ఒకే వరుసగా ప్రకటించుకోమని సలహా ఇచ్చింది. పరిమాణాల పేర్లలోనూ ఇలాంటి జాగ్రత్త అవసరం. మన ఇంటర్ గణితంలో 2×3 అంటే రెండు అడ్డువరుసలు, మూడు నిలువువరుసలు. హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్‌లోనూ అంతే. ఓపెన్‌జీఎల్ షేడర్ భాషలో 'మ్యాట్2ఎక్స్3' అంటే రెండు నిలువువరుసలు, మూడు అడ్డువరుసలు. ఇంటర్ లెక్కలు బాగా వచ్చినవారే ఇక్కడ ముందు తడబడతారు.

ఈ పద్ధతులన్నిటిలో నేను గట్టిగా సమర్థించేది పేర్లు పెట్టే పద్ధతిని. నిలువు రాత వాడేచోట, ఏ నిరూపకాల నుంచి ఏ నిరూపకాలకు మారుస్తుందో తెలిసేలా మాత్రికకు 'వ్యూఫ్రమ్‌వరల్డ్', 'వరల్డ్‌ఫ్రమ్‌మోడల్' అని పేర్లు పెడతారు. రెంటినీ పక్కపక్కన పెట్టి గుణిస్తే మధ్యలో వరల్డ్, వరల్డ్ కలుస్తాయి. చివరి మోడల్ పక్కన మోడల్ నిరూపకాల్లోని బిందువు నిలుస్తుంది. అడ్డం రాతలో ఇదే పని 'మోడల్‌టువరల్డ్', 'వరల్డ్‌టువ్యూ' అన్న పేర్లు చేస్తాయి. క్రమం తప్పితే పేర్లు కలవవు, ప్రోగ్రామ్ నడపకముందే తప్పు కంటికి కనబడుతుంది.