నేలమాళిగలో పుర్రెలు, చిలకలో ప్రాణం

సామూహిక అచేతనం అనే ఊహ తనకు మొదట ఒక కలలో తట్టిందని మనస్తత్వవేత్త కార్ల్ గుస్టావ్ యూంగ్ చెప్పుకున్నాడు. అది 1909. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం పిలుపు మీద ఆయన, మనోవిశ్లేషణ పితామహుడు ఫ్రాయిడ్ ఓడలో వెళ్తున్నారు. దారిలో ఒకరి కలలు ఒకరు విప్పుకోవడం వాళ్లకు కాలక్షేపం.

కలలో యూంగ్‌ది రెండంతస్తుల ఇల్లు. మేడ మీద పద్దెనిమిదో శతాబ్దపు సామాను. కింద పదిహేను, పదహారు శతాబ్దాల నాటి చీకటి గదులు. నేలమాళిగలో రోమన్ల కాలపు గోడలు. అక్కడొక రాతిపలక ఎత్తి దిగితే గుహ. దుమ్ములో ఎముకలు, పగిలిన కుండలు, రెండు పుర్రెలు. ఫ్రాయిడ్ ఆ పుర్రెల్ని పట్టుకుని వదల్లేదు. అవి ఎవరివి, ఎవరి చావు కోరుకుంటున్నావని ఆరా. పెద్దాయన్ని నొప్పించలేక యూంగ్ తన ఇంటివాళ్ల పేర్లే చెప్పి గండం గట్టెక్కాడు.

యూంగ్‌కు మాత్రం ఆ ఇల్లే మనసులా కనిపించింది. ఫ్రాయిడ్ చెప్పిన అచేతనంలో ఉండేవి ప్రధానంగా ఆ మనిషి మరిచినవి, అణచుకున్నవి. దానికీ అడుగున మానవజాతి అంతటికీ ఉమ్మడిగా ఇంకో పొర ఉందని యూంగ్ వాదం. అదే సామూహిక అచేతనం. 1913 నాటికి ఇద్దరి స్నేహం తెగిపోయింది. ఆ పొరలోని అచ్చులను యూంగ్ 1919లో ఆర్కిటైప్‌లు అన్నాడు. తెలుగు విమర్శలో మూలరూపాలు.

మూలరూపానికి సొంత బొమ్మ ఉండదు. తల్లి, నీడ, జ్ఞానవృద్ధుడు అన్నవి బొమ్మలు కట్టే తీరుకు పేర్లు; బొమ్మ ఏదో కాలమూ సంస్కృతీ తేలుస్తాయి. యూంగ్ నొక్కి చెప్పిన ఈ తేడాను ఆయన శిష్యగణమే ఎక్కువగా మరిచింది. కథలో గడ్డం ముసలాయన రాగానే జ్ఞానవృద్ధుడని చీటీ అంటించే విమర్శ వల్ల ఆ కథ గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

దూరదూరపు కథల్లో ఒకే ఊహ కనిపిస్తుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. రష్యన్ కథల మాంత్రికుడు కషేయ్ చావు సూదిమొనలో ఉంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. యూంగ్ పక్షంవాళ్లు ఈ పోలికను సామూహిక అచేతనానికి సాక్ష్యమంటారు. జానపద పరిశోధకుల్లో చాలామంది, కథలు బాటసారులతోనూ వర్తకులతోనూ దేశాలు దాటుతాయంటారు. ఆర్నె–థామ్సన్ కథాసూచికలో ఈ తరహాకు 302 అని సంఖ్య కూడా ఉంది. ఇక్కడ పరిశోధకుల మాటకే బలం ఎక్కువ. కథ నడిచిన దారిని వెతకవచ్చు. వారసత్వంగా వచ్చే మనోరూపాన్ని నిరూపించడం కష్టం. అయితే దాటివచ్చిన కథలన్నీ నిలవవు. ఇదే ఎందుకు నిలిచిందంటే మళ్లీ మనసు దగ్గరికే రావాలి.

పోలికల కన్నా తేడాల్లోనే అసలు సరుకు ఉందని చూపినవాడు కవి, జానపద పండితుడు ఎ.కె. రామానుజన్. గ్రీకుల ఈడిపస్ తండ్రిని చంపుతాడు. మన పురాణాల్లో దెబ్బ తరచూ తండ్రి వైపు నుంచే వస్తుందని ఆయన ‘ది ఇండియన్ ఈడిపస్’ వ్యాసంలో వాదించాడు. యయాతి ముసలితనాన్ని పూరుడు నెత్తికెత్తుకున్నాడు. తండ్రి పెళ్లి కోసం భీష్ముడు తన పెళ్లి మానుకున్నాడు. వినాయకుడి తల తెగింది శివుడి చేతిలో. మూలరూప విమర్శ రాయాలనుకునేవారు యూంగ్ కన్నా ముందు ఈ వ్యాసం చదవడం మేలు.