నలభై సెకన్ల సముద్రం

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. నాలుగో తేదీ నౌకాదళ దినోత్సవం. 1971లో ఆ రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మన మిస్సైల్ బోట్లు కరాచీని దెబ్బతీసినందుకు జరుపుకునే రోజు అది. మన చానళ్లకు మాత్రం కరాచీ దూరం. విశాఖ అనగానే వాళ్లకు ఇక్కడ మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీయే గుర్తొస్తుంది. "సార్, ఘాజీని ముంచింది మనమేగా? ఒక్క ముక్కలో చెప్పేయండి, బ్రేక్‌కి నలభై సెకన్లే ఉంది" అంటాడు అవతలి కుర్రాడు.

రెండు ముక్కల్లో చెప్పొచ్చు. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ హార్బరు నుంచి బయల్దేరిన డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్, నీళ్లలో అలజడి గమనించి డెప్త్ చార్జీలు వదిలిందనీ, ఘాజీ మునిగింది వాటివల్లేననీ మన నౌకాదళం చెబుతుంది. తాను పరిచిన మైన్ల వల్లో, లోపలి పేలుడు వల్లో అది పోయిందని పాకిస్తాన్ వాదన. లోపలి పేలుడు వైపు మొగ్గిన మాజీ అధికారులు మన దగ్గరా ఉన్నారు. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా చూసినవాళ్లకు ఈ రెండూ రుచించవు. మన సబ్‌మెరైన్ ఎదురెళ్లి కొట్టిందంటేనే వాళ్లకు తృప్తి. కానీ ఆ సబ్‌మెరైన్ కథ కల్పితం. విశాఖ బీచ్‌రోడ్డులో మ్యూజియంగా నిలిపిన మన సబ్‌మెరైన్ కుర్సురాను చూపించి "ఘాజీని పేల్చింది ఇదేగా?" అని అడిగేవాళ్లూ తగులుతుంటారు. ఆ యుద్ధంలో కుర్సురా గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో.

ఈపాటికి నలభై సెకన్లూ అయిపోతాయి. చూసేవాళ్లకు దక్కింది చాలా తక్కువ. అందుకే నేను ఆ రెండు వాదనలనూ తొందరగా ముగించి, అడగని ప్రశ్న ఒకటి వేసుకుంటాను. అసలు ఘాజీ ఇంత దూరం ఎందుకొచ్చింది?

అప్పట్లో పాకిస్తాన్ సబ్‌మెరైన్లలో కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి, పని చూసుకుని తిరిగి వెళ్లగల సత్తా ఘాజీకే ఉండేది. మిగిలినవి చిన్నపాటి ఫ్రెంచి డాఫ్నేలు. అమెరికా నుంచి తెచ్చుకున్న ఈ ఘాజీ అసలు పేరు డయాబ్లో, రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ వైపు పంపించి, ఇక్కడే ఉన్నట్టు నమ్మించారు. రాజ్‌పుత్ నుంచి విక్రాంత్ అన్నట్టుగా రేడియో సందేశాలు వెళ్లాయి. అంతటితో ఆగకుండా, అంత పెద్ద ఓడ సిబ్బందికి సరిపడా మాంసం, కూరగాయలు కావాలంటూ కాంట్రాక్టర్లకు ఆర్డరిచ్చారు. ఆ కబురు గూఢచారుల చెవిన పడాలనే ఈ ఏర్పాటంతా. యుద్ధంలో కూరగాయల ఆర్డరు కూడా ఆయుధమే అన్నప్పుడు స్టూడియోలో యాంకర్ మొదటిసారి కాగితం మీంచి తలెత్తుతాడు.

నౌకాదళ వ్యవహారాలపై రాసే, మాట్లాడే ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లను నేను ముందు కుర్సురా ఎక్కిస్తాను. 1969లో సేవలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారిన 91 మీటర్ల ఓడ. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారంలోంచి ఒళ్లు వంచి దూరాలి. టార్పెడోల పక్కనే పడక బల్లలు. గైడ్లలో నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లు ఉంటారు. బ్యాటరీ అయిపోతే ఏం చేస్తారో వాళ్లనే అడగమంటాను. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి. బ్యాటరీ నింపుకోవాలంటే పైకి తేలాలి, లేదా కాస్త లోతున ఉండి గొట్టమైనా బయట పెట్టాలి. శత్రువుకు దొరికిపోయే గండం అప్పుడే. ఈ ఒక్క సంగతి ఒంటబట్టినవాడు "సబ్‌మెరైన్ నెలల తరబడి నీటి అడుగున పొంచి ఉంది" అని రాసేముందు అది డీజిల్‌దా, అణుశక్తిదా అని కనుక్కుంటాడు.

పాత ఓడల దగ్గర అబ్బిన ఈ అలవాటు ఇవాళ్టి వార్తలకూ పనికొస్తుంది. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌ను యెమెన్‌లోని హౌతీల క్షిపణి తాకి మంటలు లేచాయి. అది బ్రిటిష్ నౌక అని హౌతీలు ప్రకటించారు. నౌక మీద ఎగిరేది మార్షల్ ఐలాండ్స్ జెండా. లోపల సరుకు రష్యా నాఫ్తా. సిబ్బందిలో 22 మంది మనవాళ్లు, ఒకరు బంగ్లాదేశీ. పిలుపందుకుని వెళ్లింది ఐఎన్ఎస్ విశాఖపట్నం. అందులోంచి పదిమంది అగ్నిమాపక దళం ట్యాంకర్ ఎక్కి సిబ్బందితో కలిసి మంటలార్పింది. నన్ను పిలిచిన చానల్లో ఆ రోజు తెర మీద "భారత్ సత్తా" అని మెరుస్తూనే ఉంది. సత్తా నిజమే, కాదనను. కానీ జెండా ఒకరిది, సరుకు ఒకరిది, ప్రాణాలు మనవాళ్లవి అన్న లెక్క చెప్పకపోతే, మన యుద్ధనౌక అంత దూరంలో ఎందుకు కాపలా కాస్తోందో చూసేవాళ్లకు అర్థం కాదు.

ఆ లెక్క మన ఊళ్లదాకా వస్తుంది. ఇలాంటి దాడులతో ఎర్రసముద్రం దారి భయమై కంటైనర్ నౌకలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లసాగాయి. ప్రయాణం రోజుల తరబడి పెరిగింది. దాంతో కిరాయిలు, బీమా కూడా పెరిగాయి. విశాఖ రేవు నుంచి యూరప్‌కు, అమెరికా తూర్పు తీరానికి రొయ్యలు పంపే ఎగుమతిదారు ఈ భారం ఎక్కడో ఒకచోట దించుకోవాలి. దించుకునేది చాలాసార్లు చెరువు గట్టు మీద ఇచ్చే ధరలోనే. ఈ మాట చెప్పకుండా తెర మీద యుద్ధనౌకల బొమ్మలు ఎన్ని తిప్పినా భీమవరం రొయ్యల రైతుకు ఒరిగేదేమీ లేదు.